దీవెనమ్మ చెప్పిన సాక్ష్యం

యేసుపాదం లారీ కింద పడి చనిపోయాక అతని భార్య దీవెనమ్మ ఆ లారీ డ్రైవర్ని ఒక్క మాట కూడా అనలేదు. రావులపాలెం పక్కనున్న ఆ చిన్న ఊళ్లో అది అందరికీ వింతగా ఉండేది. పరామర్శకు వచ్చినవాళ్లు డ్రైవర్ని శాపనార్థాలు పెడుతుంటే తల వంచుకుని వినేది. ఒకసారి మాత్రం, "ఆ కుర్రాడికి తల్లి ఉందాండి?" అని అడిగింది.

ఆ మాట విన్నది రామలక్ష్మిగారు. దీవెనమ్మ పనికి వెళ్లే అరటితోట వాళ్లదే. మొగుణ్ని పోగొట్టుకున్న మనిషి డ్రైవరు తల్లి గురించి ఎందుకు అడిగిందో ఆవిడకు అంతుపట్టలేదు. అడగడానికి నోరు రాలేదు.

యేసుపాదం చర్చిలో సంఘ పెద్ద. మంచి గొంతు. ఆదివారం అతను పాట ఎత్తుకుంటే కాలవగట్టు మీద పోయేవాళ్లు సైకిలు ఆపి వినేవారు. మద్యనిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాది, ఒక మధ్యాహ్నం, అరటి గెలల మార్కెట్‌కు వెళ్లిన భార్యను ఇంటికి తీసుకురావడానికి మోపెడ్ మీద బయలుదేరాడు. హైవే మీద, ఆమె చూస్తుండగానే, కడియం నుంచి మొక్కలు తెస్తున్న లారీ కింద పడ్డాడు. కొన్నాళ్లు కాకినాడ ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. లారీ రాంగ్ సైడులో వచ్చి గుద్దిందని తమ్ముడు ఏలియా ఫిర్యాదు ఇచ్చాడు. అతను అక్కడ లేడు. మూగిన జనం అన్నదే అతనూ నమ్మాడు.

కేసు విచారణకు వచ్చింది. సాక్షిగా రమ్మని దీవెనమ్మకు కబురొచ్చింది. ముందురోజు ఏలియా, పాస్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"రేపు ఏం చెప్తావు వదినా?"

"చూసింది చెప్తాను. మీ అన్నయ్య తాగి ఉన్నారు. బండి తూలి లారీకి అడ్డంగా వెళ్లింది. ఆ కుర్రాడు తన పక్కన తను వస్తున్నాడు."

ఏలియా మొహం పాలిపోయింది.

"అమ్మా, పోయినవాడు తన తరఫున చెప్పుకోలేడు," అన్నారు పాస్టరుగారు. "సంఘం పేరు కూడా చూడాలి కదా. గుర్తులేదని అంటే సరిపోతుందేమో."

"గుర్తుందండి అయ్యగారు," అంది దీవెనమ్మ.

మర్నాడు ఏలియా తోడు రానన్నాడు. రామలక్ష్మిగారు వెళ్లింది, సగం తోడుకు, సగం ఏం జరుగుతుందో చూడాలని. బోనులో నిలబడి దీవెనమ్మ అదే చెప్పింది. ప్రభుత్వ వకీలు తెల్లబోయాడు.

"ఆయన తాగి ఉన్నాడని దూరం నుంచి నీకెలా తెలుసు?"

"ఆయనతో కాపరం చేశానండి. బండి మీద కూర్చున్న తీరులోనే తెలిసిపోద్ది."

"ఇలా చెప్పమని నీకు ఎవరైనా నేర్పారా?"

"లేదండి. చెప్పొద్దనే అన్నారు."

గణేష్‌బాబు అనే ఆ డ్రైవరు చేతులు కట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కేసు కొట్టేశారు.

సాక్ష్యం చెప్పిన రోజు తిరిగొచ్చేటప్పుడు బస్సులో రామలక్ష్మిగారు ఇక ఆగలేక అడిగేసింది. "ఆయన పేరు అంత పోగొట్టాలా దీవెనమ్మా?"

దీవెనమ్మ కిటికీ వైపు తిరిగింది. "నిషేధం ఉన్నన్నాళ్లూ మనిషి బాగున్నాడండి. మళ్లీ మొదలెట్టాక రోజూ ఏడ్చేవాడు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దే అన్నాడు."

"మరి మాటిచ్చావా?"

"లేదండి. నోట్లో నీళ్లు పోశాను. ఆయన ఇంకేం అడగలేదు." అప్పుడు ఏడ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆదివారం చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. స్త్రీల కూటంలో ప్రార్థన చేయమని పిలవడం మానేశారు. ఏలియా ఎదురైతే సందు మారేవాడు. ఆమె మాత్రం ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని వెళ్లి, తన చోటనే చాప మీద కూర్చుని పాడి వచ్చేది.

వానలు మొదలయ్యాక ఒకరోజు, ఇంకో సంఘ పెద్ద భార్య రత్తమ్మ కుళాయి దగ్గర బిందె కింద పెట్టి, "వదినా, మా ఇంట్లోనూ ఇదే," అంది. దీవెనమ్మ ఆమెను పాస్టరుగారి దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన ఇద్దరినీ చూసి, కుర్చీలోంచి లేచి, "నాకు మందు వాసన తెలుసమ్మా. యేసుపాదం దగ్గర కూడా తెలుసు. ఊరుకున్నాను," అన్నారు. ఆ సాయంత్రమే రత్తమ్మ ఇంటికి బయలుదేరుతూ దీవెనమ్మను కూడా రమ్మన్నారు. రత్తమ్మ మొగుడు మొదట తలుపు తీయలేదు. వాళ్లు మళ్లీ మళ్లీ వెళ్లారు. పూర్తిగా మానేశాడని ఎవరూ చెప్పలేరు కానీ, దాచడం మానేశాడు.

గణేష్‌బాబు తల్లిని తీసుకుని ఒకసారి వచ్చాడు. ఆవిడ వంగి దీవెనమ్మ కాళ్లకు దండం పెట్టబోతే దీవెనమ్మ పట్టుకుని లేపింది. ఇద్దరికీ అన్నం పెట్టింది. వెళ్లేటప్పుడు, "బాబూ, ఇంక రాకు. నిన్ను చూస్తే ఆ రోడ్డే కనపడతంది," అంది.

రామలక్ష్మిగారికి ఇంకో సందేహం మిగిలిపోయింది. తోటలో పిలకలు తీస్తుండగా అడిగింది.

"మీ పరలోకంలో ఆయన కనపడితే ఏమంటాడంటావు?"

దీవెనమ్మ నడుం సవరించుకుని, చేతికంటిన మట్టి దులుపుకుంది.

"ఎందుకు చెప్పావే అని అడుగుతారండి. అడగనివ్వండి. నేను అడగాల్సినవీ చాలా ఉన్నాయి."