పదకొండో కప్ప

ఆ రోజుల్లో లెక్క తప్పేది మనుషులే గాని అంకెలు కావని నాకు గట్టి నమ్మకం. (లెక్కలు నాకెవరూ నేర్పలేదు, నాన్న తెచ్చిన పాత రైల్వే టైంటేబుళ్లే నా బడి.) ఆ నమ్మకం చూసే, మా రైల్వే ఊళ్లో ప్రేమ్ బజార్ దగ్గర పరిశోధన చేసే ఒక దీదీ నన్ను పనిలో పెట్టుకున్నారు. ఎత్తైన కొండల మీద, మబ్బుల్లో తడిసే అడవుల్లో మాత్రమే బతికే చెట్టుకప్పలు ఆవిడ చల్లగదిలో పదకొండు ఉండేవి. గంటగంటకూ వేడి కొలవాలి, రెండు పూటలా కప్పల్ని లెక్కపెట్టాలి, సాయంత్రం గాజుపెట్టెలు తడిగుడ్డతో తుడవాలి. "మన ఊరి ఎండకి ఇవి ఒక్క పూట తట్టుకోవు దాదా," అని, అక్కడి అలవాటు ప్రకారం నన్నూ అన్నని చేసి, మొదటిరోజే చెప్పారు.

మే నెలలో ఒక పొద్దున లెక్కపెడితే పది. కుడినుంచి ఎడమకి పెట్టినా పదే. గదిని సుద్దముక్కతో ముప్పై ఆరు గళ్లు చేసి గడిగడీ వెతికాను. దీదీ మూడింటికి వస్తారు. నోటుబుక్కులో ఆ పూట లెక్క రాసే గడి ఖాళీగా వదిలేసి, భోజనానికి ఓల్డ్ సెటిల్‌మెంట్‌ రైల్వే క్వార్టర్లలో మా ఇంటికి సైకిలెక్కాను. ఎండ నెత్తిన మాడుస్తోంది.

"ఏట్రా ఆ మొకం? ఎవుడేటన్నాడు?" అంది అమ్మ.

"కప్ప పోనాదమ్మా."

"పోతే పోనాది. వానొస్తే బుట్టెడు పట్టిస్తాను," అని నాన్న అభయమిచ్చాడు. "ముందా నీళ్లసంచి మీద ఆకు తీసెయ్. పొద్దుట్నించీ సూస్తన్నాను, గాలికీ కదల్దు."

అది నాన్న రైల్వే డ్యూటీకి మోసిన కాన్వాసు సంచి, ఇప్పుడు వసారాలో వేలాడుతోంది. ఎంత ఎండలోనైనా చెమర్చి, నీళ్లు చల్లగా ఉంచుతుంది. దగ్గరికెళ్లాను. ఆకు కళ్లు తెరిచింది. పక్క మేకుకి నిన్న సాయంత్రం అద్దాలు తుడిచి, తడిగానే ఉండచుట్టి ఇంటికి తెచ్చుకున్న నా గంఛా తువ్వాలు!

ఆ గంఛా మళ్లీ తడిపి, కప్పని దాంట్లోనే చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి, వంద తొక్కులకోసారి ఆగి మూత తీసి చూస్తూ వెళ్లాను. దీదీ అప్పటికే వచ్చేశారు. ఉద్యోగం పోయిందనుకునే, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ డబ్బా మూత తీసి కప్పని చూశారు.

"ఆ సంచి మీద ఎన్ని డిగ్రీలుంది?"

జేబులో థర్మామీటరు ఉంది, పెన్సిలుంది. కొలవలేదు. ఆవిడ నవ్వాపుకోలేక, ఖాళీ గడిలో తానే పదకొండు వేశారు.

నాన్న ఇప్పుడు లేడు, దీదీ కూడా ఊరు విడిచి వెళ్లిపోయారు. ఏటా మే నెలలో ఆ సంచిని అదే చోట కట్టి, థర్మామీటరు ఆనించి అంకె రాసుకుంటున్నాను. అంకె బాగానే వస్తోంది. అడిగేవాళ్లే లేరు.