పప్పు ఉడకని ఊరు

మొన్న పొద్దున్న, మా మేడమీది గదిలో అద్దెకుంటూ యూనివర్సిటీలో చదువుకునే కొండపిల్ల గిన్నె పట్టుకుని మెట్లు దిగివచ్చి మా వంటింటి గుమ్మంలో నిలబడింది. గిన్నెలో కందిపప్పు, ఎంతసేపు మరిగించినా బద్దకు బద్ద విడివిడిగానే ఉంది. వాళ్ళ నాన్న పండించి పంపిన పప్పుకి వంక పెట్టలేక, లోపం తన చేతిలోనే ఉందనుకుని ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్ళు చెమర్చాయి. ఈ ఊరి కుళాయి కొత్తవాళ్ళకి మొదట నేర్పే పాఠం ఇదే. నాకైతే నా పెళ్ళిలో, నలుగురి ముందూ నేర్పింది.

ఇటువైపు కాపురాలు చేసిన నా ఈడువాళ్ళకి ఈ నీళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. సబ్బు అరిగిపోతుందే తప్ప నురగ రాదు, తోమిన చెంబు ఆరేసరికి దానిమీద తెల్లటి మచ్చలు తేలతాయి, కాఫీకి నీళ్ళు కాచే గిన్నె అడుగున సున్నం కొట్టినట్టు పొర కడుతుంది, తలస్నానం చేసిన జుట్టు చీపురుకట్టలా నిలబడుతుంది. నేను పుట్టింది అనంతగిరి దాటాక ఘాట్ రోడ్డు పక్కన ఒక చిన్న ఊళ్ళో. అక్కడ మా గెడ్డలో, అంటే కొండవాగులో, నీళ్ళు ఎంత మెత్తనివంటే ఒంటికి రాసిన సబ్బు ఒక పట్టాన వదిలేది కాదు. నీళ్ళలో రకాలుంటాయని మా ఇంట్లో ఎవరికీ తట్టనే లేదు.

ఇప్పటి ఈ యూనివర్సిటీ అప్పట్లో రేకుల షెడ్ల కాలేజీ. అందులో పనిచేసే ఆయనతో నా పెళ్ళి కుదిరింది. పెళ్ళి మగపెళ్ళివారింట్లో జరిగితే, మర్నాడు ఆడపెళ్ళివారు తమ చేత్తో వండి ఆ వీధి వీధికీ పప్పన్నం పెట్టడం మా వాళ్ళ ఆనవాయితీ. ఊళ్ళో ఎవరింట శుభకార్యమైనా గరిటె పట్టేది మా నాన్నే కాబట్టి, కూతురి పెళ్ళికి ఆయన హడావుడి అంతా ఇంతా కాదు. కందిపప్పు, పసుపు, చింతపండు, కట్టెలు, అడ్డాకుల విస్తళ్ళు, ఆఖరికి పొయ్యికి రాళ్ళు కూడా లారీలో కొండ దింపించాడు. నీళ్ళు మాత్రం తేలేదు. నీళ్ళు ఎవరు మోసుకొస్తారు?

పెరట్లో కుళాయి నీళ్ళతో గుండిగ పొయ్యెక్కింది. పొద్దెక్కి, అన్నం వార్చి, విస్తళ్ళు పరిచి, పెద్దలు వచ్చి కూర్చునే వేళకి కూడా పప్పు గింజ గింజగానే ఉంది. నాన్న కట్టెలు ఎగదోస్తూనే ఉన్నాడు, ఒళ్ళంతా చెమట. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. కొండోళ్ళు ముసలి కందులు తెచ్చి అంటగట్టినారని ఎవరో ఆడమనిషి అనడం, పసుపు బట్టల్లో గదిలో కూర్చున్న నాక్కూడా వినిపించింది. వచ్చినవాళ్ళు తినకుండా లేచిపోతే నాన్న మళ్ళీ ఈ గడప తొక్కలేడు, నేను ఈ ఇంట్లో ఎన్నేళ్ళున్నా ఆ మాట నన్ను వదలదు. ఆ భయం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అంతవరకూ పందిట్లో పెద్దల మర్యాదల్లో ఉన్న మా అత్తగారు అప్పుడు పెరట్లోకి వచ్చింది. గరిటెతో పప్పు ఎత్తి చూసి, నాన్నని పొయ్యి దగ్గర్నుంచి లేపింది. "కందులికేటయ్యింది అన్నయ్యా, మా కుళాయి నీళ్ళే అలాటివి. నేను కాపరానికొచ్చిన కొత్తలో నా పప్పూ ఉడకనేదు" అని పందిట్లో అందరికీ వినపడేలా చెప్పింది. ఊరి చివర మంచినీళ్ళ నుయ్యి ఒకటుండేది, తాగడానికి ఆ నీళ్ళే బిందెలతో తెచ్చుకునేవారు. అత్తగారు వీధిలోకి వెళ్ళి, "బేగి తెండర్రా" అంటూ ఇంటింటా తాగడానికి దాచుకున్న బిందెలు తెప్పించింది. ముసలి కందులన్న ఆడమనిషి కూడా ఒక బిందె తెచ్చిందని తర్వాత తెలిసింది. గుండిగలో నీళ్ళు వంచేసి, బిందెల నీళ్ళు పోశారు. కాసేపటికి పప్పు వెన్నలా విరిగింది. అన్నాలు ఆలస్యమయ్యాయి గాని, ఎవరూ లేచిపోలేదు.

ఆ తర్వాత నాన్న ఎప్పుడు కొండ దిగినా చేతిలో గెడ్డ నీళ్ళ క్యాను ఉండేది. బస్సు కండక్టర్ "అందులో జీలుగు కల్లేనా మామా?" అని ఆటపట్టిస్తే, మూత తీసి అతని గొంతులోనూ ఇంత పోసేవాడట. ఇంటికి చేరగానే, ఆనాడు బిందెలిచ్చిన ఇళ్ళన్నిటికీ తలా ఒక చెంబుడు పంచేవాడు. మిగిలిన నీళ్ళతో మా అత్తగారు పప్పు పెట్టేది. వియ్యపురాలి చేతి పప్పు తిని నాన్న మళ్ళీ వడ్డించుకునేవాడు.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ఊరు పెరిగి, మంచినీళ్ళ నుయ్యి పూడ్చిన చోట హాస్టల్ లేచింది. ప్రతి వంటింట్లోనూ గోడకి నీళ్ళు శుద్ధిచేసే మిషన్ ఒకటి. నేనూ ఆ మిషన్ నీళ్ళే మేడమీది పిల్ల గిన్నెలో పోసి, అత్తగారు చెప్పిన మాటే చెప్పాను. పప్పు ఉడికింది, పిల్ల ముఖం విప్పారింది. ఈసారి మీ నాన్న వచ్చినప్పుడు గెడ్డ నీళ్ళు ఒక క్యానుడు తెమ్మనమన్నాను, ఆశ కొద్దీ. ఆ పిల్ల తల దించుకుంది. "నేనిటొచ్చినాక గెడ్డ ఎండిపోనాదంట అమ్మమ్మా. మాకూ బోరేసినారు. మా ఊళ్ళోనూ పప్పు ఉడకట్నేదంట."

ఆదివారం వాళ్ళ నాన్న కూతుర్ని చూడ్డానికి వచ్చాడు. మనిషి సన్నగా, భుజాన తువ్వాలుతో, నిలబడ్డ తీరులో మా నాన్నలాగే ఉన్నాడు. మా ఇంటి నీళ్ళు తాగి, బాగున్నాయన్నాడు. అవి ఏ రుచీ లేని నీళ్ళని నాకు తెలుసు. సాయంత్రం బస్సుకి బయల్దేరుతుంటే పాత క్యాను ఒకటి వెతికి, మిషన్ దగ్గర నింపి, ఇంట్లో పప్పుకి పనికొస్తాయని ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు. కొండ మీంచి నీళ్ళు దిగిరావడమే తెలిసిన దాన్ని, ఈ వయసులో నా చేత్తోనే కొండమీదికి నీళ్ళు పంపాను.