రెప్పల మందుకు పథ్యం

నా చిన్నప్పుడు, రెండో తరగతి సగంలో ఉండగా, నన్ను బడి మాన్పించారు. చదువు ఒంటబట్టక కాదు, జీతం కట్టలేక కాదు. రెప్పలు ఎక్కువగా కొడుతున్నానని. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు అరవై ఏళ్ళు దాటాయి. మా పై అంతస్తు హాస్టల్లో ఉండి మైత్రీవనంలో కోచింగ్‌కు వెళ్ళే అమ్మాయి ఒకతి సాయంత్రాలు నా చేత అక్షరాలు దిద్దించింది. రాయడం వచ్చాక ముందు ఎవరి గురించి రాయాలా అనుకుంటే, నా కళ్ళకు వైద్యం చేసిన పెద్దలే గుర్తొచ్చారు. వాళ్ళను ఊరికే వదిలిపెట్టబుద్ధి కాలేదు.

మగ్గాలు నడవక ఊరు విడిచి వచ్చినవాళ్ళం మేము. అమీర్‌పేటలో మా బాపు బట్టలు కుట్టేవాడు. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. కత్తిరించిన పీలికల మూట మీదే నా పడక. ఒక వానాకాలం కళ్ళు దురద పెట్టాయి. నులుముకున్నాను. నాలుగు రోజులకు రెప్పలు వాటంతట అవే టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

దిష్టి అంది మా నాయనమ్మ. ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసి ఆ పొగకు నా మొహం పట్టింది. మంటెక్కిన కళ్ళు ఇంకా గట్టిగా కొట్టుకుంటే, దిష్టి ఎంత బలమైనదో చూడండని వాడకట్టు ఆడవాళ్ళను పిలిచి చూపించింది. మా మేనత్తది ఇంకో వైద్యం. ఆముదం దీపం మసితో కాటుక చేసి, పూటకోసారి బొటనవేలితో రెప్ప లోపల రుద్దేది. కళ్ళు చల్లబడతాయట. నేను ఎంత కొట్టుకుంటే ఆమె అంత మందంగా పెట్టేది. మా బాపు వైద్యం అన్నిటికంటే సులువు. నెత్తిన ఒక మొట్టికాయ, "కొట్టకు" అని ఒక మాట.

రవికెల కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఆమెకూ నా కళ్ళ మీద ఒక అభిప్రాయం ఉండేది. ఒకామె ఉల్లిపాయ రసం పిండమనేది, ఒకామె తాయెత్తు కట్టించమనేది. అదే వాళ్ళ రవికె చంక దగ్గర రెండు దారాలంత బిగుతైతే, సరిగ్గా కొలవకుండా కత్తిరించావని మా బాపును దులిపేవాళ్ళు. నా కన్ను ఏమైందో ఒక్కరూ వంగి చూడలేదు. చూడకుండా మందు చెప్పడానికి మాత్రం ఎవరికీ సిగ్గు లేదు.

ఇక బడిలో పంతులు. పిల్ల కన్ను కొడుతోందని మా బాపుకు కబురు పెట్టాడు. ఏడేళ్ళ పిల్ల ఎవరికి కన్ను కొడుతుందో ఆ మహానుభావుడికే తెలియాలి. మా బాపు తల కొట్టేసినట్టయి, మర్నాటి నుంచి నన్ను ఇంట్లో కూర్చోబెట్టి, కళ్ళు బాగయితే అప్పుడు చూద్దామన్నాడు. నాకు బడి అంటే ప్రాణం. ఆ భయంతో రెప్పలు ఇంకా కొట్టుకున్నాయి.

పక్క వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన అక్క ఒకామె ఉండేది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు నన్ను వెలుతురులో కూర్చోబెట్టి రెప్ప పైకెత్తి చూసింది. "ఏంటే ఇది, లోపల బొగ్గుల కొట్టు పెట్టారా?" అంది. మా అమ్మను ఒప్పించి నన్ను తన వెంట తీసుకెళ్ళి డాక్టరుకు చూపించింది. రెప్పల లోపల ఎర్రగా వాచి, మసి పేరుకుని ఉందన్నాడాయన. కంట్లో ఏమీ పెట్టకుండా శుభ్రంగా ఉంచితే వాపు పోతుంది, మిగతాది పిల్లను వెంటబడి తిట్టడం వల్ల వచ్చిన అలవాటు, ఊరుకుంటే అదే పోతుందన్నాడు. చుక్కల మందు ఇచ్చాడు.

ఈ మాట మా ఇంట్లో చెబితే ఎవరు వింటారు? నీ కాటుకే కారణమంటే మా మేనత్త ఇల్లు పీకి పందిరేసేది. అక్కకు ఆ సంగతి తెలుసు. పథ్యం లేని మందును మా వాళ్ళు మందే అనుకోరని కూడా తెలుసు.

"మందు చాలా ఘాటైందండీ. పథ్యం తప్పితే వికటిస్తుంది," అంది.

"గదెంత పని. పిల్లకు వంకాయ, చింతపండు పెట్టం తీ," అంది నాయనమ్మ.

"పథ్యం పిల్లకు కాదండీ, పెద్దవాళ్ళకి. పొగ పెట్టకూడదు, కాటుక ముట్టకూడదు. ఏడు రోజులు ఈ పిల్ల కళ్ళ మాట ఎవరూ ఎత్తకూడదు. ఒక్కరు ఎత్తినా మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క."

"నోరు మూసుకునుడు సుత పథ్యమేనా?" అంది మేనత్త.

"అన్నిటికంటే కష్టమైంది అదే వదినగారూ."

నిజంగానే కష్టమైంది. మూడో రోజు మేనత్త "ఇయ్యాల జర తక్కువ..." అని నాలుక కరుచుకుంది. "నీ నోట్ల మన్నువడ, మల్ల మొదటికి తెచ్చినవ్," అని నాయనమ్మ ఆమెను దులిపేసింది. ఆ ఏడు రోజులు పూర్తవడానికి పది రోజులు పట్టింది. ఆ ఇంట్లో నేను ఎరిగిన ప్రశాంతత అంతే. అప్పటికి నా రెప్పలు అందరి రెప్పల్లాగే ఆడుతున్నాయి.

పథ్యం విడిచిన పూటే, తన కాటుక ఇన్నాళ్ళకు పనిచేసిందని మేనత్త చాటింది. పిల్లను బడికి పంపమని అక్క బాపును అడిగింది. "సదివితె మల్ల కండ్లు కరాబైతయమ్మా. ఇంట్ల కూసోని కాజాలు కుడుతది, గంతే సాలు," అన్నాడు. సన్నదారంతో రోజంతా కాజాలు కుట్టడం చదువుకంటే కంటికి ఎంత బరువో ఆ తెలివైన వంశంలో ఒక్కరికీ తట్టలేదు. నలభై ఏళ్ళు కుట్టాను.

అక్క దగ్గర నేర్చుకున్నది ఒక్కటే. ఎవరైనా మందు చెప్పబోతే, నువ్వు చూశావా అని అడుగుతాను. చాలామంది అక్కడే ఆగిపోతారు.

మొన్న ఆదివారం మా మనవరాలు రెప్పలు కొడుతోందని ఇంట్లో పంచాయితీ మొదలైంది. ఫోన్లో ఎవరో చెప్పారని కోడలు కీరదోస ముక్కలు తెచ్చింది. మా అబ్బాయి పొద్దుటి నుంచి పిల్లను కసురుతూనే ఉన్నాడు. "బుక్స్ వల్లనే అయితుంది. నెల రోజులు స్కూల్ బంద్ చేద్దాం," అన్నాడు.

"కన్ను చూసినవా రా?" అని అడిగాను.

"చూసేదేముందమ్మా, కనవడ్తలేదా?"

వాడు మా వంశమే.

మర్నాడు పొద్దున పిల్లను ఆటోలో పంజాగుట్ట కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి కాగితం తీసి, నా తెల్లజుట్టు చూసి, "నేను రాయాల్నా అమ్మా?" అంది. వద్దన్నాను. పేరు రాశాను, వయసు రాశాను. బాధ ఏమిటన్న చోట, రెప్పలు ఎక్కువగా కొడుతోంది అని రాశాను. ఇప్పటివరకు వాడిన మందులు అన్న చోట, తిట్లు అని రాసి ఇచ్చాను.