గుయ్ బాబాయి ఆంప్లిఫయర్

కాటాలు బాగుచేసే మనిషి నెమ్మదస్తుడై ఉంటాడని అందరూ అనుకుంటారు. సంచీలో తూకపు రాళ్లు వేసుకుని షాపు షాపుకీ తిరిగే మన మెకానిక్‌ను చూసినా అలాగే అనిపిస్తుంది. కానీ ఆవగింజంత తేడా కూడా ఓర్వలేని మనిషి పదిమందిలో మాట పడితే ఊరుకుంటాడా? మూడేళ్లుగా ఆయనకు ఒకటే ధ్యాస. తోడల్లుడి నోరు మూయించాలి.

ఆ తోడల్లుడు, అంటే అత్తవారింటి పెద్దల్లుడు, సౌండు షాపు యజమాని. సభలకూ ఫంక్షన్లకూ మైకులు, స్పీకర్లు అద్దెకిస్తాడు. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. మంచినీళ్లు అడిగినా వీధి చివరిదాకా వినపడాల్సిందే. అదంతా మదమని మెకానిక్ నమ్మకం.

మూడేళ్ల కిందట మావగారు మిల్లులో రిటైరయ్యారు. మిల్లు హాల్లోనే వీడ్కోలు సభ. ఆ రోజు పెద్దల్లుడి సామానంతా పొరుగూరు పోయింది. "నా ఆంప్లిఫయర్ ఉందిగా మావయ్యా, నేను చూసుకుంటాను" అని మన మెకానిక్ ఎగేసుకుంటూ ముందుకొచ్చాడు. వంటింటి బల్ల మీద స్వయంగా కట్టుకున్నది మరి. క్లాస్-డి రకం. కరెంటును సెకనుకు లక్షలసార్లు తెరిచి మూస్తూ చిన్న శబ్దాన్ని పెద్దది చేస్తుంది. పాతకాలం వాటిలా కాలిపోదు, మోయడానికి ఇద్దరు మనుషులక్కర్లేదు. అరచేయంత బోర్డు, పాత లాప్‌టాప్ చార్జరు, ఒక రేకుడబ్బా, అంతే.

ఇంట్లో చక్కగా పాడిన ఆ డబ్బా హాల్లో మైకు తగిలించగానే గుయ్యిమంది. మావగారు పుట్టి బుద్ధెరిగి నాలుగు మాటలు కలిపి మాట్లాడి ఎరగరు. ఆ రోజు మాత్రం కాగితం మీద రాసుకొచ్చారు. పెదాలు కదిలాయి, కళ్లు తుడుచుకున్నారు. గుయ్యిమనే రొదలో ఒక్క ముక్క ఎవరికీ అందలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏమోయ్ తమ్ముడూ!" పెద్దల్లుడు వెనక వరుసలోంచి లేచి అరిచాడు. "ఆంప్లిఫయర్ కట్టావా, తేనెతుట్టె కట్టావా?"

హాలంతా గొల్లుమంది. మెకానిక్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి అత్తవారి వైపు పిల్లలకు ఆయన గుయ్ బాబాయి. పెద్దవాళ్లు పైకి అనేవారు కాదు గానీ, ఆయన గుమ్మంలోకి రాగానే ఎవరో ఒకరు ముక్కుతో సన్నగా రాగం తీసేవారు.

తప్పు తనదేనని ఆయన వారం తిరక్కుండానే కనిపెట్టాడు. గ్రౌండు తీగను ఒక్కచోట కలపాల్సింది పోయి రెండుచోట్ల కలిపాడు. తన తప్పని తెలిశాక మనిషికి కోపం తగ్గాలి. ఈయనకు రెట్టింపైంది.

రోజూ పొద్దున్నే పనికి వెళ్లేముందు గంటసేపు వంటింటి బల్ల ఆయనది. చార్జరు తీసేసి మంచి పవర్ సప్లై పెట్టాడు. రేకుడబ్బా పోయి అల్యూమినియం పెట్టె వచ్చింది. కెపాసిటర్లు మార్చాడు, మళ్లీ మార్చాడు. బోర్డుతో వచ్చిన కాయిల్స్ పీకి పారేసి, రింగుల మీద రాగితీగ తనే చుట్టాడు. ఒక్కో చుట్టుకూ పళ్లు నూరేవాడు. తీగ గట్టిగా బిగిసిందంటే ఆ పుణ్యం కొంత తోడల్లుడిదే.

"ఇంత కష్టం పాట వినడానికైతే బాగుండేదండీ" అంది భార్య ఒక రోజు, బల్ల మీద పడ్డ సీసం బొట్టు గోకుతూ.

"పాటెవడిక్కావాలి? ఆ నోరు మూతపడాలి."

"మూడేళ్లయింది. మా బావకి ఆ మాట గుర్తు కూడా ఉండుండదు."

"అదే కదా నా మంట! అన్నవాడు మర్చిపోయాడు, పడ్డవాణ్ని నేను!"

ఆవిడ తోముకోవాల్సిన గిన్నెలు తోముకుంది.

ఏ కాటా అయినా ముందు ఖాళీగా ఉంచి చూస్తారు. ఏమీ పెట్టనప్పుడు సున్నా చూపించకపోతే, పెట్టినప్పుడు చూపించేదంతా అబద్ధమే. మెకానిక్ ఆంప్లిఫయర్‌నూ అలాగే చూసేవాడు. పాట పెట్టడు. వాల్యూము మొత్తం తిప్పి, స్పీకరుకు చెవి ఆనిస్తాడు. మొదటి ఏడు గుయ్యిమంది. రెండో ఏడు సన్నగా బుస్సుమంది. మూడో ఏడు ఒక ఆదివారం చెవి ఆనిస్తే తన గుండె చప్పుడే వినపడింది. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

అత్తగారి అరవయ్యో పుట్టినరోజు వచ్చింది. అదే హాలు, అదే జనం. పెద్దల్లుడు తన సామానంతా దింపి, స్పీకర్లు నిలబెట్టి, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. మెకానిక్ చంకలో పెట్టెతో వచ్చాడు. ముక్కురాగం ఒకటి ఎక్కడి నుంచో వినపడింది. ఈసారి ఆయనకు కోపం రాలేదు. తీగలు తెచ్చి, మధ్యలో ఒక స్విచ్చు బిగించాడు. ఇటు తిప్పితే తన ఆంప్లిఫయర్, అటు తిప్పితే తోడల్లుడిది. స్పీకర్లు మాత్రం అవే.

"అన్నయ్యా!" గొంతు పెంచి పిలిచాడు. "పాటా వద్దు, మైకూ వద్దు. రెండింటికీ వాల్యూము నిండా పెట్టాను. ఏది చప్పుడు చేస్తోందో నీ నోటితో నువ్వే చెప్పు."

"నీకింకా బుద్ధి రాలేదటోయ్? కానీ కానీ!"

తోడల్లుడు నవ్వుతూ వెళ్లి స్పీకరుకు చెవి ఆనించాడు. జనమంతా మాటలు ఆపి చూశారు. మెకానిక్ తన వైపు తిప్పాడు. చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. తర్వాత అటు తిప్పాడు. స్పీకరులోంచి బుస్సుమని రొద మొదలైంది.

"ఎక్కడో గ్యాసు లీకవుతున్నట్టుందే!" అంది రెండో వరుసలోని పిన్నిగారు, కంగారుగా.

తోడల్లుడు చెవి తీయలేదు. కళ్లు మూసుకుని, తల పంకించాడు. "రెండూ శుభ్రంగానే ఉన్నాయోయ్! నీది ఇంకా తగిలించలేదా ఏంటి?"

మెకానిక్ చేయి స్విచ్చు మీద ఆగిపోయింది. మళ్లీ అటూ ఇటూ తిప్పాడు. తోడల్లుడి మొహంలో మార్పు లేదు. వెనకనుంచి మామూలు గొంతుతో "అన్నయ్యా" అన్నాడు. తోడల్లుడు తిరగలేదు. ఇంకోసారి అన్నాడు. అప్పుడూ తిరగలేదు.

ముప్పయ్యేళ్లు స్పీకర్ల పక్కన నిలబడి సంపాదించిన చెవులవి. ఆ అరుపులు మదం కాదు. ఇదంతా మెకానిక్‌కు ఒక్క క్షణంలో అర్థమైంది. మనవాడికి జాలి కలిగిందనుకునేరు. లేదు, సంతోషం కలిగింది. మూడేళ్లు ఒక డబ్బాతో కొడదామనుకున్నవాడికి బండరాయి చేతికొచ్చింది. సౌండు షాపు యజమానికి చెవుడు! ఈ మాట హాలు దాటితే ఇక అతన్ని ఏ సభకు పిలుస్తారు?

వాల్యూము సగానికి తగ్గించి, స్విచ్చు తన వైపు తిప్పాడు. మైకు తగిలించి చేతిలోకి తీసుకున్నాడు. భార్య మొదటి వరుసలోంచి వద్దన్నట్టు తల ఊపింది. చూశాడు, చూసీ ఆగలేదు.

"ఇన్నాళ్లూ మనందరికీ సౌండు పెట్టింది చెవిటిమేళమండోయ్!"

ఎంత స్పష్టంగా పలికిందని! ఒక్కో అక్షరం చివరి వరుసదాకా వెళ్లింది. హాలు గొల్లుమంది, అప్పటికంటే గట్టిగా. మెకానిక్ ఆ నవ్వును చెవులారా విన్నాడు. మూడేళ్ల మంట చల్లారింది.

అందరూ నవ్వుతున్నారు కదా అని తోడల్లుడూ నవ్వాడు. ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూపు తిప్పుతూ, ఎవరు ఎక్కువ నవ్వితే వాళ్లతో కలిసి తనూ కొంచెం ఎక్కువ నవ్వాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఏమన్నాడే?"

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. మావగారు కుర్చీలో తల దించుకున్నారు. వదినగారు లేచి వచ్చి మొగుడి కుడి పక్కన నిలబడింది. ఆవిడ నిలబడిన తీరు చూస్తే, ఎన్నో ఏళ్లుగా అక్కడే నిలబడుతోందని తెలిసిపోతోంది. అతని చెవి దగ్గర చేయి అడ్డం పెట్టి, మరిది కళ్లల్లోకి సూటిగా చూస్తూ చెప్పింది.

"బాగా వినపడుతోందా అని అడుగుతున్నాడండీ."

తోడల్లుడి మొహం వెలిగింది. రెండు చేతులూ పైకెత్తి హాలు దద్దరిల్లేలా అరిచాడు.

"బ్రహ్మాండంగా వినపడుతోంది తమ్ముడూ! ఎంత బాగా కట్టావోయ్!"

మెకానిక్ మైకు కిందికి దించాడు. ఆంప్లిఫయర్ ఇంకా ఆన్‌లోనే ఉంది, చిన్న చప్పుడైనా చేయకుండా.