కంప్యూటర్లో తొడిగిన గాజులు

పెళ్ళి వీడియోల మిక్సింగ్ అంటే నాకు ఇప్పటికీ రోత. రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళు అద్దంకిలో అదే నా బతుకుతెరువు. ఎడిటింగ్ అనే మాట మా వైపు ఎవరూ అనేవారు కాదు, మిక్సింగే. అంతకుముందు మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో బస్తాల లెక్కలు చూసేవాణ్ణి. సాఫ్ట్‌వేరు కూడా నాకు లెక్కగానే పట్టుబడింది. సెకనుకి ఇరవై ఐదు బొమ్మలు. ఏ బొమ్మ దగ్గర మొదలుపెట్టాలో, ఏ బొమ్మ దగ్గర తెంచాలో తెలిస్తే పని వచ్చినట్టే.

ఆ తెంచడం నాకు ఇష్టమే. జనం దానితో చేయించుకునే పనులే రోత పుట్టించేవి. పెళ్ళికూతుర్ని తామరపువ్వులో కూర్చోబెట్టమనేవారు, పెళ్ళికొడుకుని హృదయం బొమ్మలోంచి బయటికి రప్పించమనేవారు. అవి సరే. మాట తేడా వచ్చిన బావమరిది భోజనాల బంతిలో కనపడకూడదనేవారు. సగం తిన్న విస్తరి ముందునుంచి మనిషిని లేపేసినట్టుండేది.

ఒకసారి ఒక పెళ్ళికూతురి పెదనాన్న టేపు పట్టుకుని వచ్చాడు. మార్టూరులో ఆయనకి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. పిల్లకి తండ్రి లేడు. కన్యాదానం ఈయనా, ఈయన భార్యా చేశారు.

"మా మరదలు కనపడ్డ చోటల్లా తీసెయ్యవయ్యా," అన్నాడు. "వియ్యాలవారు పట్టింపు మనుషులు. మొగుడు పోయిన మనిషికి పీటల దగ్గర ఏం పనని అడుగుతారు."

టేపు కంప్యూటర్లోకి ఎక్కించి ఇద్దరం చూశాం. ఆ మరదలే పిల్ల తల్లి. ఎక్కడో పూల అలంకరణ వెనక నిలబడి ఉంది. మాంగల్యధారణ వచ్చింది. పెళ్ళికొడుకు చెల్లెలు పూలజడ ఎత్తి పట్టుకోవాలి. ఆ పిల్లకి జడ బరువు ఆగలేదు, చెయ్యి జారింది. జడ వచ్చి ముడి మీద పడింది. వెంటనే వెనకనుంచి తల్లి ముందుకొచ్చి జడ పైకెత్తి పట్టుకుంది.

"ఇక్కడ తెంచితే ముళ్ళు పోతాయండి," అన్నాను. "మొదటి ముడే మిగులుతుంది."

"ముళ్ళు లేకపోతే అదేం పెళ్ళయ్యా? బొమ్మ పెద్దది చేసి ఆమెను పక్కకి నెట్టు."

పెద్దది చేశాను. మొహం అంచు దాటిపోయింది. చెయ్యి మాత్రం జడ పట్టుకుని అలాగే ఉంది.

"చెయ్యేగా, ఎవరిదని తెలుస్తది?" అని తనే అని, తనే ముందుకు వంగి చూశాడు. "అబ్బే, తెలుస్తది. బోసిగా ఉంది." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "గాజులు తొడుగు."

నాకు అర్థం కాలేదు.

"కంప్యూటర్లోనయ్యా! పూలు రాలుస్తావు, హంసల్ని ఈదిస్తావు. నాలుగు ఎర్ర గాజులు వెయ్యలేవా? ఎవరో ముత్తైదువ అనుకుంటారు. గరుకు రాయిని అద్దం చేస్తన్నాం మేము."

ఆమె గాజులు తీయించినప్పుడు ఈ ఇంటివాళ్ళంతా చుట్టూ నిలబడే ఉంటారు. ఇప్పుడు తమ మర్యాద కోసం వాళ్ళే తొడగమంటున్నారు.

"నాకు రాదండి," అన్నాను.

"రానప్పుడు బోర్డెందుకయ్యా, దండగ! చిలకలూరిపేటలో బోలెడుమంది చేస్తారు," అని టేపు లాక్కుని వెళ్ళిపోయాడు. నా హార్డ్ డిస్కులో చోటు తక్కువ. తర్వాతి పెళ్ళి కోసం ఆ బొమ్మలన్నీ చెరిపేశాను.

కొన్ని నెలలకి ఆ పెళ్ళికూతురే సీడీ తీసుకుని షాపుకి వచ్చింది. "ముందు మీ దగ్గరికే తెచ్చారంట గదా అన్నయ్యా. చూడండి."

చూశాను. చేతికి ఎర్ర గాజులున్నాయి. చెయ్యి కదిలినప్పుడు అవి కదల్లేదు. జడ మీద గాల్లో నిలబడి, ఆలస్యంగా చేతిని వెతుక్కుంటూ వచ్చాయి. ఈగలు ముసిరినట్టుంది.

"అమ్మకి వేసి చూపించాను," అంది. "తన చెయ్యి తనే చూసి 'ఎవరే ఈవిడ?' అంది. నువ్వేనమ్మా అన్నాను. టీవీ కట్టెయ్యమంది."

నేను బొమ్మ అక్కడే ఆపేశాను.

"చిలకలూరిపేటలో టేపు అడిగితే దానిమీద ఇంకో పెళ్ళి ఎక్కించేశామన్నారు. మీరు ఆ గాజులు తీసెయ్యగలరా?" అని, తన మాట తన చెవినే పడి ఆగిపోయింది. "అంటే... బొమ్మలోవి."

తీయడం కుదరదు. గాజుల కింద చెయ్యి ఇక లేదు, రంగే ఉంది. అయినా ఒక్కో బొమ్మా జరుపుతూ చూశాను. మూడో ముడి పడింది. ముళ్ళతోపాటే ఆ గాజులు వేసినవాడి ఓపికా అయిపోయినట్టుంది, ఆ తర్వాత రంగు లేదు. బోసి చెయ్యి జడను మెల్లగా దించి, కూతురి వీపు మీద సర్ది, వెనక్కి పోయింది.

"ఇక్కణ్ణుంచి మీ అమ్మ చెయ్యేనమ్మా. కానీ ముళ్ళు రావు."

"ముళ్ళు నా మెళ్ళో ఉన్నాయిగా అన్నయ్యా. ఇది ఇవ్వండి."

రంగున్న చివరి బొమ్మ తర్వాత తెంచాను. వేళ్ళు వీపు వదిలిన చోట రెండోసారి తెంచాను. రెండు సెకన్లకి కాస్త పైన వచ్చింది.

"కొంచెం నెమ్మదిగా నడిపించనా? ఎక్కువసేపు కనపడుతుంది," అన్నాను.

"వద్దు," అంది. "అమ్మ ఎట్టా దించిందో అట్టాగే ఉండనివ్వండి."