దీవించని చెయ్యి

వినాయకులకు కండ్లు పెట్టడం నా పని. కోరుట్లలో మా ఇంటి పక్క సందులో ఉన్న విగ్రహాల షెడ్డులో మిగతా పనంతా మగవాళ్ళది. వాళ్ళు పీఓపీ కలిపి అచ్చుల్లో పోస్తారు, గరుకు కాగితంతో నునుపు చేస్తారు, గన్నుతో రంగు కొడతారు. కండ్లు మాత్రం గన్నుతో రావు. సిరిసిల్ల నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో నేను బీడీలు చుట్టేదాన్ని. మా వాకిట్లో ముగ్గు చూసి షెడ్డు నడిపే మేస్త్రి నా చేతికి కుంచె ఇచ్చాడు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బయానా ఇచ్చినా సరే, కొన్నవాళ్ళ ట్రాలీ వచ్చి వాకిట్లో ఆగేదాకా కండ్లు పెట్టం. అమ్ముడుపోని విగ్రహాలను మళ్ళీ చవితి దాకా తాటిపత్రి పట్టా కప్పి ఉంచాలి. "కండ్లున్న దేవునికి ముసుగేత్తె మంచిగుండదు బిడ్డా" అంటాడు మేస్త్రి. అందుకే కిరీటాలూ నగలూ పెట్టుకున్న దేవుళ్ళంతా తెల్ల గుడ్లతో వరుసగా నిలబడి ట్రాలీల కోసం ఎదురుచూస్తుంటారు.

వాటిలో కండ్లు తప్ప ఇంకేదీ నాది కాదు. అచ్చులు మహారాష్ట్ర నుంచి వస్తాయి, ఆలోచనలు సినిమాల నుంచి వస్తాయి. మండపాల పిల్లలు ఫోన్లో హీరో ఫోటో చూపించి గట్లనే కావాలంటారు, మేం గట్లనే చేసి పెడతాం. దేవుడికి పలకలు తేలిన పొట్ట పెట్టాక ఇక ఉండ్రాళ్ళు ఎక్కడికి పోతాయని అడిగినవాడు లేడు. ఏళ్ళ తరబడి ఇదే చేస్తుంటే నాకు విసుగు, కోపం వచ్చాయి. నాదంటూ ఒక్కటి చెయ్యాలనిపించింది.

ఏం చెయ్యాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. మా నాన్నను బాపు అనేదాన్ని. ఆయన సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. పని దిగి వచ్చి గడప మీద కూర్చునేవాడు. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, రెండు చేతులూ కిందికి వదిలేసేవాడు. రోజంతా సాంచాల మోతలో ఉండి చెవులు దిమ్మెక్కేవి, పిలిస్తే వినపడేది కాదు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడేదాన్ని. కాసేపటికి కండ్లెత్తి చూసేవాడు. ఆ చూపు కోసమే నిలబడేదాన్ని. ఆయన పోయాక మిగిలింది ఆధార్ కార్డు మీది ఫోటో ఒక్కటే, అందులో ఉన్నది మా బాపో ఇంకెవరో దేవుడికే తెలియాలి. ఆయన లెక్క కూర్చున్న వినాయకుణ్ణి చేసి నా చేత్తో కండ్లు పెడితే, ఆ చూపు ఒక్కసారి మళ్ళీ నా మీద పడుతుందనుకున్నాను. నాకు కావలసింది అదే.

మట్టి గణపతులను అడిగేవాళ్ళు పెరగడంతో మేస్త్రి సరేనన్నాడు. మట్టిలో కొబ్బరి పీచు కలిపి, అచ్చు లేకుండా చేశాను. సింహాసనం లేదు, మెట్టు మీద కూర్చున్నాడు. తొండం వంపు లేకుండా కిందికి వేలాడుతుంది. చేతులు మోకాళ్ళ మీదుగా జారి ఉంటాయి. కుడి బొటనవేలికి, మగ్గం నాడె తగిలి వంకరపోయిన మా బాపు గోరు పెట్టాను.

మేస్త్రి చుట్టూ తిరిగి చూశాడు. "వినాయకుని చెయ్యవోతె కోతి అయిందంటరు. నువ్వు మనిషిని చేసినవేంది?" అన్నాడు.

ఆ ఏడు ఎవరూ తీసుకోలేదు. కొడిమ్యాల ఊరి పిల్లలు "లడ్డు యాడ పెట్టాలక్కా? రేపు వేలంపాట ఎట్ల?" అన్నారు. జగిత్యాల నుంచి వచ్చినవాళ్ళు "గీయనకు జరమచ్చిందా?" అని నవ్వారు. నిజంగానే నొచ్చుకున్నాను, అయినా నేనూ నవ్వాను. తాటిపత్రి కప్పాం. మరుసటి ఏడు పగుళ్ళు పూడ్చి మళ్ళీ ముందు వరుసలో పెట్టాను. మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే ముసుగు. "ఊరంత ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మేస్త్రి గొణిగాడు గానీ తీసెయ్యమనలేదు. నా ఆశంతా సిరిసిల్ల మీదే ఉంది. మనవాళ్ళు చూస్తే గుర్తుపడతారనుకున్నాను.

పోయినేడు పండుగ ముందు రోజు సిరిసిల్ల నుంచి సాంచాల కార్మికులు ట్రాలీ తీసుకుని వచ్చారు. వాళ్ళలో ఒక పెద్దమనిషి వరుసలన్నీ దాటుకుంటూ వచ్చి నా వినాయకుడి ముందు ఆగాడు. చాలాసేపు చూసి అక్కడే ఇటుకల మీద కూలబడ్డాడు, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని.

"గీయన సాంచా నడిపిండు బిడ్డా" అన్నాడు.

"ఔ కాకా" అన్నాను.

"మంచిగ చేసినవ్. మేమందరం గిట్లనే కూసుంటం." ఆ వేలాడే చేతుల్ని చూసి, "గని మేం దండం పెడితె గీయన ఏ చెయ్యి లేపుతడు? గీయన గూడ మా లెక్కనే ఉంటె మేమెవలికి చెప్పుకోవాలె?" అన్నాడు. తర్వాత బతిమాలినట్టుగా, "ఒక్క చెయ్యి లేపు బిడ్డా, దీవించినట్టు. గీయననే తీస్కపోతం" అన్నాడు.

వద్దంటే మళ్ళీ తాటిపత్రే, కండ్లు ఎప్పటికీ రావు. మేస్త్రి అప్పటికే రంపం తెచ్చాడు. కుడిచేతిని మోచేతి దగ్గర నేనే కోశాను. షెడ్డులో అచ్చుపోసిన దీవెన చేతులు మూలన కుప్పగా పడి ఉంటాయి. కొలతకు సరిపోయేది ఒకటి ఏరి, తీగ చుట్టి, మట్టి మెత్తి, రంగు వేశాం. మిగతా ఒళ్ళంతా నేను చేసినట్టే ఉంది. అయినా చెయ్యి లేచేసరికి అలసట పోయింది. అలిసి కూర్చున్నవాడు తీరిగ్గా కూర్చున్నవాడయ్యాడు.

ట్రాలీ వాకిట్లోనే ఉంది. కండ్లు పెట్టాను. కుంచె దించి, చిన్నప్పటి లాగా ఎదురుగా నిలబడ్డాను. ఆ చూపు నన్ను దాటి, నా వెనక చేతులు జోడించినవాళ్ళ మీదికి పోయింది. పెద్దమనిషి కండ్ల నిండా నీళ్ళు. జై కొట్టుకుంటూ ఎక్కించుకుపోయారు. నా పనికి ఎవరైనా ఏడవడం అదే మొదటిసారి, అదీ నేను చేయని చెయ్యిని చూసి.

ఆ పెద్దమనిషి మీద నాకు కోపం లేదు. పొద్దంతా అలిసినవాళ్ళు ఇంకో అలిసినవాణ్ణి తెచ్చి మండపంలో కూర్చోబెట్టుకోరు. నాకు రెండేళ్ళు తట్టనిది ఆయనకు ఒక్క చూపులో అర్థమైంది. సంగతి తేటపడితే మనసు బరువు దిగుతుందంటారు. నాకేం దిగలేదు. నాకు చేతనైనది ఎవరికీ అక్కర్లేదని తెలిసింది, అంతే.

కోసిన చెయ్యిని కొంగులో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. కిటికీ గూట్లో పెట్టాను. నేను చేసినదంటూ మిగిలింది అదే. కాల్చని మట్టి కదా, ఎండాకాలం రాగానే నెర్రెలు బారింది. మొదట బొటనవేలే రాలింది, ఆ గోరుతో సహా. ఇక పొడి రాలుతూనే ఉంటే ఊడ్చి, ఆ పొడినీ మిగిలిన చెయ్యినీ షెడ్డుకు తీసుకెళ్ళి, మట్టి నానబెట్టే తొట్టిలో వేశాను.

మేస్త్రి చూసి, "గీ యేడు గూడ నీదొకటి చేస్తవా బిడ్డా? మట్టికి గిరాకి మంచిగుంది" అన్నాడు.

"ఎట్ల గావాల్నో చెప్పు మేస్త్రి, గట్లనే చేస్త" అన్నాను.

ఆయన సంతోషపడి, జేబులోంచి ఫోను తీసి ఎవరో కొత్త హీరో ఫోటో చూపించాడు.