నొక్కితే టక్‌మనాలి

బాబాయ్‌కి లోకంలో ఒకే ఒక్క నమ్మకం ఉండేది. ఏ వస్తువైనా నొక్కితే టక్‌మనాలి. టక్‌మనకపోతే అది వస్తువే కాదు. టక్‌మనకుండా పనిచేస్తోందంటే దాన్ని ఇంకా ఎక్కువ అనుమానించాలి.

ఆయన లిఫ్ట్ మెకానిక్. పొద్దున లేచింది మొదలు బటన్లతోనే కాపురం. ఎవరింటికి వెళ్లినా మనుషుల్ని పలకరించేముందు స్విచ్ బోర్డును పలకరించేవాడు. తాకితే వెలిగే రకం స్విచ్‌లు కనపడితే దీపం వెయ్యనిచ్చేవాడు కాదు, చీకట్లోనే కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఓ స్నేహితుడు కొత్తగా కొన్న, వేలు ఆనిస్తే వేడెక్కే పొయ్యిని చూపిస్తే, "నీకు తెలీకుండా నీ మోచెయ్యి తగిలి వంటయిపోతుంది, జాగ్రత్త" అని హెచ్చరించి టీ తాగకుండా వచ్చేశాడు.

అలాంటి బాబాయ్ ఇంటికి అన్నగారి కొడుకు ఒక పెట్టెతో వచ్చి పడ్డాడు. కాలేజీ మధ్యలో వదిలేశాడు కాబట్టి చుట్టాలందరూ అతన్ని 'సగం డిగ్రీ' అనేవారు. ఒకచోట కుదురుగా కూర్చోలేడు, నోట్లోకి వచ్చిన మాట లోపల దాచుకోలేడు. "ఈ చదువు నాకెందుకూ పనికిరాదు" అని తండ్రి మొహం మీదే అన్నాడు. "అయితే ఈ ఇల్లు కూడా నీకు పనికిరాదు" అన్నాడు తండ్రి. ఆ సంగతి తెలిసి బాబాయ్ ఫోన్ చేశాడు.

"మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందిరా. కాలింగ్ బెల్ కూడా మంచిది, గట్టిగా మోగుతుంది. రా."

అంతే. ఎందుకు మానేశావనిగానీ, ఇప్పుడేం చేస్తావనిగానీ బాబాయ్ అడగలేదు, పిన్నీ అడగలేదు. కొన్నాళ్లకు సగం డిగ్రీకి ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో పని దొరికింది. అడక్కుండా అన్నం పెట్టిన ఆ ఇద్దరికి ఏదైనా చెయ్యాలని అతని మనసులో ఒకటే పీకులాట.

పొద్దున్నే ముగ్గురూ పార్కుకి వెళ్లేవారు. బాబాయ్ నడుముకి నారింజరంగు మ్యూజిక్ ప్లేయర్ ఒకటి వేలాడేది. అగ్గిపెట్టంత ఉంటుంది, మొహం నిండా బటన్లు. దాన్ని పెట్టుకుని ఆయన ఒక చుట్టు పరుగెత్తేవాడు. తర్వాత రొప్పుతూ వచ్చి పిన్ని చేతిలో పెట్టేవాడు.

"ఇదిగో, కాస్త పట్టుకో. బరువుగా ఉంది."

లిఫ్ట్ మోటార్లు భుజాన మోసే మనిషికి కోడిగుడ్డంత కూడా లేని ఆ ప్లేయర్ రోజూ బరువయ్యేది. పిన్ని దాన్ని అందుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని, మెల్లగా నడక మొదలుపెట్టేది.

ఆ నడక సరదాకి కాదు. పిన్ని బేకరీలో పని చేసేది. ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర నిలబడి మోకాలు అరిగిపోతే ఆపరేషన్ చేశారు. "రోజూ నడవాలమ్మా. మానేశారంటే కాలు బిగుసుకుపోతుంది, మళ్లీ వంగదు" అన్నాడు డాక్టర్. పిన్నికేమో నడకంటే ఒళ్లుమంట. పాట ఉంటేనే కాలు కదిలేది, అదీ హుషారు పాటయితేనే. ఏడుపు పాట వస్తే ఉన్నచోటే ఆగిపోయేది. అప్పుడు బటన్ నొక్కి మరో పాటకి దూకేది, కాలు మళ్లీ కదిలేది.

పార్కులో రిటైరయిన లెక్కల మేష్టారొకాయన బాబాయ్‌ని చూస్తే చాలు, కాలు దువ్వేవాడు.

"ఏమయ్యా బటన్లూ, ఇంకా ఆ రాతియుగం డబ్బాయేనా? నా ఫోను చూడు. వేలలా ఆనిస్తే చాలు."

"మీ వేలే అక్కర్లేదు మేష్టారూ. మీ చెమట చుక్క చాలు. మొన్న మీరు పరుగెడుతుంటే చెమటపడి ఎవరికో ఫోన్ పోయిందట?"

మేష్టారు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మా వియ్యపురాలికి."

"ఆవిడ ఏం విన్నారు?"

"నా రొప్పు."

"ఎంతసేపు?"

"మూడు పాటలసేపు. అంబులెన్స్ పంపించింది."

"అదే బటనయితేనా? జేబులో చెయ్యి పెట్టి, చూపు దారిమీద ఉంచి, టక్. పాట మారింది. పరుగెత్తేవాడు దారి చూడాలా, గాజుపలక చూడాలా?"

సగం డిగ్రీకి బాబాయ్ మాటల్లో న్యాయం కనపడకపోలేదు. కానీ ఇది న్యాయం దాటి పిచ్చిలోకి వెళ్లిందని అతని అభిప్రాయం. ఆ ముక్క బాబాయ్‌తోనే అనేశాడు కూడా. "పిచ్చే" అని సంతోషంగా ఒప్పుకున్నాడాయన.

మొదటి జీతం చేతికొచ్చిన రోజు సగం డిగ్రీ ఆ పీకులాట తీర్చుకోబోయాడు. కొట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి టచ్ ప్లేయర్ కొన్నాడు. అద్దంలా నున్నగా ఉంది, భూతద్దం పెట్టి వెతికినా బటన్ లేదు. పాతదాని బటన్ మీద రబ్బరు ఎలాగూ చిరిగిపోయింది. ఎవరినీ అడక్కుండా దాన్ని పట్టుకెళ్లి కొట్లో మార్పిడి కింద ఇచ్చేశాడు.

కొత్తది చూసి బాబాయ్ మొహం కరెంటు పోయిన లిఫ్ట్‌లా ఆగిపోయింది.

"పాతదేదిరా?"

"దాని పని అయిపోయింది బాబాయ్. చూడు పిన్నీ, ఇలా తడితే చాలు."

పిన్ని తట్టింది. ఏమీ కాలేదు. మళ్లీ తట్టింది. తర్వాత నవ్వి, "చార్జింగ్ అయిపోయినట్టుంది. చాలా బాగుందిరా, బంగారంలా ఉంది" అని తిరిగి ఇచ్చేసింది. చార్జింగ్ నిండుగా ఉంది. ఆ సంగతి అతనికి తట్టలేదు.

మర్నాడు పిన్ని మోకాలు నొప్పంది. ఆ మర్నాడు తలనొప్పంది. ఆ తర్వాత కారణం చెప్పడం కూడా మానేసింది. బాబాయ్ సమ్మె ప్రకటించాడు. "ఇంట్లోకి బటనొచ్చేదాకా నేను పరుగెత్తను." సాయంత్రాలు ఊళ్లో కొట్లన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చేవాడు. బటన్ల ప్లేయర్లు ఇప్పుడెవరూ అమ్మడంలేదట. వారం తిరిగేసరికి పిన్ని కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవలసి వచ్చింది.

సగం డిగ్రీ ఊరుకునే రకం కాదు. "నీ పిచ్చికి పిన్ని కాలు బలి చేస్తావా? నువ్వు మామూలుగా దాన్ని పెట్టుకుని పరుగెత్తితే పిన్ని కూడా వచ్చేది కదా. ముసలాడివైపోయావు, కొత్తది నేర్చుకోలేవు, అది చెప్పు."

బాబాయ్ చెప్పులేసుకుని ఇంకో కొట్టు వెతకడానికి వెళ్లిపోయాడు. అదే అతన్ని కలవరపెట్టింది. బటన్ల మీద ఎవరేమన్నా ఆయన ఊరుకున్న రోజు లేదు.

ఆ మధ్యాహ్నం బాబాయ్ మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి అతను కొత్త బిల్డింగొకదానికి వెళ్లాడు. లిఫ్ట్ తలుపు తెరిచి ఉంది. లోపల బాబాయ్ నిలబడి ఉన్నాడు. ఎదురుగా గోడకి తళతళలాడే గాజుపలక, ఒక్క బటన్ లేదు. బాబాయ్ వేళ్లు దానిమీద చేపపిల్లల్లా ఆడుతున్నాయి. తడుతున్నాడు, జరుపుతున్నాడు, రెండు వేళ్లతో పెద్దది చేస్తున్నాడు, మధ్యలో ఈల కూడా వేస్తున్నాడు.

"బాబాయ్. నీకు టచ్ వచ్చా?"

ఆయన దొంగలా ఉలిక్కిపడ్డాడు. "మెల్లగా మాట్లాడరా. ఇప్పుడొచ్చే లిఫ్టులన్నీ ఇవే. నేను కాక ఎవడు బిగిస్తాడు?"

"మరి ఇన్నాళ్లూ ఆ గోల దేనికి?"

బాబాయ్ క్యారేజీ అందుకుని లిఫ్ట్ గడప మీద చతికిలపడ్డాడు.

"మీ పిన్ని వేళ్లు చూశావా ఎప్పుడైనా? వేడి ట్రేలు పట్టీ పట్టీ కొసలు కొయ్యలా అయిపోయాయి. అద్దానికి ఆ వేళ్లు తెలీవు. ఎంత తట్టినా పలకదు. ఒకసారి బేకరీ నుంచి తిన్నగా ఫోన్ల కొట్టుకెళ్లాం. అక్కడి కుర్రాడు, వేలు సరిగ్గా పెట్టండమ్మా, అని పదిమందిలో అన్నాడు. ఎవరో నవ్వారు. ఆవిడ వేలు ఏప్రన్‌కి తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ పలకలేదు. ఇంటికొచ్చేదాకా చెయ్యి ఏప్రన్ జేబులోంచి తియ్యలేదురా."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే అది ఆవిడ వేళ్ల సంగతవుతుంది. చెప్పకపోతే నా పిచ్చి సంగతి. నాకేం, నన్ను చూసి నవ్వితే నాకు ఆకలేస్తుంది. ఆ మూత తియ్యి."

సగం డిగ్రీ మూత తీసి, పరుగెత్తాడు. తాను పనిచేసే కొట్టు వెనకగదిలో మార్పిడికొచ్చిన పాత సామాన్ల డబ్బా ఉంది, నిండగానే పాత ఇనుము బండికి ఎత్తేస్తారు. బండి గుమ్మంలోనే ఉంది. అతను డబ్బాలోకి నడుందాకా దూరాడు. "ఒరేయ్, పని వదిలేసి ఏంటా ఈత?" అన్నాడు యజమాని. రిమోట్ల కింద, విరిగిన రేడియో కింద నారింజరంగు కనపడింది.

సాయంత్రం బాబాయ్ దానికి వైద్యం చేశాడు. ఓ పాత లిఫ్ట్ గంట బటన్ నుంచి తీసిన స్ప్రింగు అమర్చాడు. దాంతో దాని గొంతు మారిపోయింది. మర్నాడు పార్కులో మొదటి టక్‌కి పావురాలు లేచిపోయాయి, లెక్కల మేష్టారు గుండె పట్టుకున్నాడు.

"ఏమోయ్, ఖరీదైన కొత్తది కొన్నావని విన్నాను, మళ్లీ ఈ డబ్బాయా?" అన్నాడు తేరుకుని.

"నాకూ టచ్ పడదు మేష్టారూ" అన్నాడు సగం డిగ్రీ. "మా వంశంలోనే ఉంది."

బాబాయ్ దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. ఒక చుట్టు పరుగెత్తి వచ్చి, బరువుగా ఉందంటూ ప్లేయర్ పిన్నికిచ్చి, రెండో చుట్టుకి వెళ్లిపోయాడు. పిన్ని మొదట కుంటింది, తర్వాత కాలు పట్టు వదిలింది. సగం డిగ్రీ పక్కన నడిచాడు. మలుపు తిరిగి బాబాయ్ కనపడకుండా పోయాక ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, నీకొక్కడికే చెబుతున్నా. మీ బాబాయ్‌కి టచ్ చేతకాదురా పాపం. నలుగురిలో ఒప్పుకోలేక అలా అరుస్తుంటాడు. ఆయన పరువు పోకూడదని నేనూ ఈ పాతదే వాడుతున్నా. ఆయనతో మాత్రం అనకు."

సగం డిగ్రీ నోరు తెరిచాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దాన్ని మింగేశాడు. అది గొంతులోంచి తియ్యగా దిగింది.

"నేనెందుకంటాను పిన్నీ" అన్నాడు.

చెవుల్లో ఏదో ఏడుపు పాట మొదలైనట్టుంది, పిన్ని అడుగు తడబడింది. దారి మీంచి చూపు తిప్పకుండానే బొటనవేలు ఆనించింది.

టక్.